లక్షుమ్మ నైటీ, బెంగుళూరు ర్యాంపు

పాతికేళ్లకు పైగా ఫ్యాషన్ గురించి రాశానని చెబితే మా మదనపల్లెలో ఎవరైనా ముందు నా చీర వైపు చూస్తారు. చూసి, మర్యాదకు ఏమీ అనకుండా మాట మారుస్తారు. ఆ చూపు నాకు అలవాటే. క్రికెట్ వార్తలు రాసేవాళ్లందరూ సిక్సర్లు కొడతారా ఏమిటి?

ఒక తెలుగు దినపత్రిక బెంగుళూరు ఎడిషన్‌లో మహిళల పేజీ చూసేదాన్ని. చీరల ఎగ్జిబిషన్లు, నగల షోరూముల ప్రారంభాలు, ఫ్యాషన్ షోలు అన్నీ నా వాటాకే వచ్చేవి. ఈమధ్యే రిటైరై సొంతూరికి వచ్చేశాను. ఇక్కడి కాలేజీలో జర్నలిజం చదివే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "మొదటి వరసలో కూర్చుంటారా మేడం? గిఫ్టులు ఇస్తారా?" అని అడుగుతారు. కూర్చుంటాం. ఇస్తారు కూడా. ఉద్యోగం మాత్రం అది కాదు. అదేంటో చెప్పడానికి ఒక వసంతకాలపు షో సంగతి చెబితే సరిపోతుంది. అంతకన్నా ముందు మా పాత బాసు గురించి చెప్పాలి.

హొయలు వద్దు

మా ఫీచర్స్ ఇన్‌ఛార్జి ప్రభాకర్ గారు కడప మనిషి. తెల్ల చొక్కా తప్ప ఇంకోటి వేసుకోగా నేను చూడలేదు. ఫ్యాషన్ అంటే ఆయనకు ఆసక్తి లేదు, గౌరవం ఉండేది. ఆసక్తి ఉండి గౌరవం లేని బాసులను కూడా తర్వాత చూశాను కాబట్టి ఆ తేడా నాకు బాగా తెలుసు.

నా మొదటి షో వార్తలో మోడళ్లు 'హొయలొలికించారు' అని రాశాను. అందరూ అలాగే రాసేవాళ్లు. మోడల్ కనిపిస్తే హొయలు, ర్యాంప్ కనిపిస్తే వయ్యారాలు. ప్రభాకర్ గారు కాగితం తిప్పి నా ముందు పెట్టారు.

"ఏం బట్టలమ్మా అవి?"

"డిజైనర్ చీరలు సార్."

"నూలా, పట్టా? బరువా, తేలికా? నడుస్తుంటే చప్పుడయ్యాయా?"

నాకు గుర్తు లేదు.

"చూసినవాళ్లు ఏమనుకున్నారు?"

"అందరికీ బాగా నచ్చింది సార్. చప్పట్లు కొట్టారు."

"చప్పట్లు హనుమంతుడి వేషానికీ కొడతారు. ఏమన్నారో చెప్పు."

అది కూడా నా దగ్గర లేదు. ఆయన కోప్పడలేదు. ఆ వార్త వేయలేదు, అంతే. ఆ తర్వాత 'హొయలు', 'ఆకట్టుకుంది', 'కనువిందు' మూడూ నా టేబుల్ మీదికి రాలేదు. అవి లేకపోతే ఏం రాయాలో తెలియక కొన్నాళ్లు అవస్థ పడ్డాను. మాటలు లేకపోతే కళ్లు పని చేయాల్సి వస్తుంది. ఆ సంగతి నాకు అలా తెలిసింది.

బాగుందా అని అడగకూడదు

షో అయిపోగానే డిజైనర్ చుట్టూ జనం మూగుతారు. అక్కడ అందరూ ఒకటే మాట అంటారు, అద్భుతం అని. ఆ మాటను నమ్మి రాసేవాళ్లు ఎక్కువ. నేనూ రాశాను కొన్నాళ్లు. తర్వాత హాల్లోంచి బయటికి వచ్చి, కార్లు వచ్చే చోట నిలబడటం మొదలుపెట్టాను. కారు కోసం ఎదురుచూసే మనిషి అబద్ధం చెప్పేంత ఓపికతో ఉండదు. "బాగుందే గానీ, దాన్ని ఎవరు ఉతుకుతారు?" లాంటి మాటలు అక్కడే దొరుకుతాయి.

అక్కడ కూడా ప్రశ్న సరిగ్గా ఉండాలి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. మనవాళ్లకు కాదనడం మొహమాటం. 'ఇది వేసుకుని మీరు ఎక్కడికి పోతారు?' అని అడిగితే మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. ఆ తర్వాత వచ్చే మాట రాసుకోవాలి.

నాగవేణి షో

నాగవేణిది సదుం దగ్గర పల్లె. బెంగుళూరులో ఫ్యాషన్ కోర్సు చదివింది. కొన్నాళ్లు పెద్ద డిజైనర్ల దగ్గర చేసి, కుప్పంలో ఒక షెడ్డు బాడుగకు తీసుకుని సొంతంగా కుట్టించడం మొదలుపెట్టింది. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయి వచ్చే ఆడవాళ్లలో కొందరు రైలు మానుకుని ఆమె దగ్గర చేరారు. నేను రిటైరవడానికి కొద్దిగా ముందు, ఆమె తన మొదటి స్ప్రింగ్ కలెక్షన్‌ను బెంగుళూరులో ఒక హోటల్ పచ్చికలో చూపించింది. అక్కడ సాయంత్రాల చలి ఇంకా పూర్తిగా పోలేదు. వసంతం బట్టలు వసంతం రాకముందే చూపిస్తారు. కొనేవాళ్లు ఆర్డర్లు ఇవ్వాలి, కుట్టేవాళ్లు కుట్టాలి కదా.

మొదటి మోడల్ బయటికి వచ్చింది. ఒంటి మీద నైటీ ఉంది.

మెడ నుంచి మడమల దాకా వదులుగా జారిన నూలు నైటీ, చిన్న పూల అచ్చు. భుజాన తువ్వాలు. మన ఊళ్లలో పొద్దున్నే పాలకు పోయే ఆడమనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. నా పక్కన ఒకాయన కిసుక్కున నవ్వాడు. వెనక వరసలో ఇంకొందరు నవ్వారు. రెండో మోడల్, మూడో మోడల్. అన్నీ నైటీలే. జేబులున్నవి, నడుము దగ్గర తాడు ముడేసుకునేవి, తువ్వాలు భుజానికే కలిపి కుట్టినవి. రంగులు మాత్రం ఎండలో చూసిన రంగులు. వేపచిగురు రంగు, తంగేడుపువ్వు రంగు, ఉతికి ఉతికి వెలిసిన నీలం. బట్ట ఎంత మెత్తగా ఉందంటే, గాలి వీస్తే మోడల్ కన్నా ముందు అంచు కదులుతోంది.

నవ్వులు ఎప్పుడు ఆగాయో గమనించలేదు. చివరి మోడల్ జుట్టు నెరిసిన మనిషి. మోడళ్ల నడక కాదు, మామూలుగా నడిచింది. చెప్పులు లేవు. చేతిలో ఖాళీ పాల క్యాను. చివరిదాకా వచ్చి, క్యాను కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ క్యాను ఎత్తుకుని వెనక్కి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి మూలనున్న ఒక పెద్దావిడ లేచి నిలబడింది. తర్వాత అందరూ లేచారు.

వందనం చేయడానికి నాగవేణి వచ్చింది. ఆమె కూడా నైటీలోనే ఉంది. భుజాన ఒక పాత తువ్వాలు.

బయట కార్ల దగ్గర ఒకామె "ఎంత వ్యంగ్యంగా చేసింది చూశారా" అని మెచ్చుకుంది. ఇంకొకామె "దీన్ని వేసుకుని నేను మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దాకా కూడా పోలేను" అంది. రెండూ రాసుకున్నాను. వ్యంగ్యం మాట నాగవేణికి చెబితే తల అడ్డంగా ఊపింది.

"వ్యంగ్యం ఏమీ లేదు మేడం. మా అమ్మ ఇట్లే ఉంటాది. నాకు తెలిసి ఆమెంత హాయిగా నడిచేవాళ్లు లేరు. అది చూపించినాను, అంతే."

"అమ్మ వచ్చారా?"

"రమ్మంటే ఆవులనెవురు పితుకుతారు అనింది. ఏం బట్టలో నేను చెప్పలేదు. వీడియో తీసుకొని పోయి నేనే చూపిస్తా."

నా వార్త మర్నాడు మా పేజీలో వచ్చింది. అది వచ్చేలోపు ఇంకొకటి వచ్చేసింది.

ఫోన్లో దొరికే అభిప్రాయాలు

మా పేపరు వెబ్‌సైటుకు వేరే డెస్కు ఉండేది. దాన్ని చూసే సందీప్ చురుకైనవాడు, మంచివాడే. వాళ్లు షోకు రారు. ఎవరో తీసిన వీడియో ముక్క చూసి, దాని కింద కామెంట్లు ఏరి వార్త చేస్తారు. ఆ రాత్రే ఒకటి పెట్టేశారు. 'ఇదేం ఫ్యాషన్ బాబోయ్, ర్యాంపుపై ఆంటీ నైటీలు' అని. మొదటి మోడల్ వచ్చినప్పుడు జనం నవ్విన ముక్క మాత్రమే ఆ వీడియోలో ఉంది. చివరి నడకా లేదు, నాగవేణీ లేదు, కింద ఆమె పేరు మాత్రం ఉంది.

సందీప్‌ను అడిగితే, "జనం రియాక్షనే కదా మేడం, మనం సొంతంగా ఏమీ కలపలేదు" అన్నాడు.

నిజమే, కలపలేదు. అయితే ఆ కామెంట్లు పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ బట్టను చూడలేదు, తాకలేదు. అసలు వాళ్లలో నైటీ వేసుకునేవాళ్లు ఎంతమందో ఎవరికి తెలుసు? నేను మన పిల్లలకు గట్టిగా చెప్పే మాట ఇదే. ఫోన్లో వచ్చే మాటలను ఏరి వార్త రాయకండి. అది అభిప్రాయ సేకరణ కాదు, చెత్త ఊడ్చి కుప్ప పెట్టడం.

ఇది సందీప్‌తో అనలేదు. ప్రభాకర్ గారు అప్పటికి రిటైరైపోయారు. కొత్త ఇన్‌ఛార్జిని అడిగి ఒక పేజీ తీసుకున్నాను. నైటీలు వేసుకునేవాళ్లను, అమ్మేవాళ్లను అడుగుతాను, మా వైపు ఊళ్లు తిరిగి వస్తాను అన్నాను. ఫొటోగ్రాఫర్ ఖాదర్‌ను తోడిచ్చారు. అతనిదీ మదనపల్లే.

బాషా షాపు

మదనపల్లెలో బస్టాండు వైపు బాషా అని ఒకాయన నైటీలు, లంగాలు అమ్ముతాడు. షాపు ముందు నైటీలు వరసగా వేలాడుతుంటాయి. ఖాదర్ తన ఫోన్లో షో పూర్తి వీడియో చూపించాడు. బాషా నిలబడే చూశాడు. మధ్యలో ఒక గిరాకీ వస్తే చెయ్యెత్తి ఆగమన్నాడు.

అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, నేను పెండ్లి కాకముందు నుంచి నైటీలే అమ్ముతాండా. ఒక సంగతి సెప్తా వినండి. సీర కొన్న ఆడమనిషి షాపులోనే పదిమందికి విప్పి సూపిస్తాది. నైటీ కొంటే మడిసి సంచిలో అడుక్కు తోసుకుంటాది. సీర నెలకొకసారి కడతారు, ఇది దినామూ ఏసుకుంటారు. దినామూ ఏసుకునే గుడ్డ అంటే ఎవురికీ లెక్కలేదు. ఈ పాపకు లెక్కుండాది."

"మీ షాపులో పెడతారా ఇలాంటివి?"

"ఆ జేబులుండేవి పెడతా. ఇంటిది సంవత్సరంగా అడగతాండాది, నైటీకి జేబు యాల పెట్టరు అని. నాకు తోచనే లేదు."

ఆగమన్న గిరాకీ ఒక టీచరు. స్కూలు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఇంకా పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఆమె కూడా వీడియో చూసింది.

"నేను నైటీతో గేటు దాటి కూరగాయల బండి దగ్గరికి పోతే మా అత్త సాయంత్రం దాకా గొణుగుతాది" అంది. "ఆ మోడలు గేటు దాటి బెంగుళూరు దాకా పోయింది. నాకైతే సంతోషంగా ఉండాది."

బాషా ఆ రోజు ఆమెకు నైటీని కవర్లో పెట్టకుండా ఇచ్చాడు. "ఇట్లే పట్టుకొని పోమ్మా" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ చేతి మీద వేసుకునే పోయింది. ఖాదర్ ఆ ఫొటో తీశాడు.

లక్షుమ్మ అడిగిన ప్రశ్న

మర్నాడు పుంగనూరు మీదుగా సదుం వైపు పోయాం. నాగవేణి వాళ్లమ్మ లక్షుమ్మ మాటలు లేకుండా ఆ పేజీ పూర్తి కాదు. నాగవేణికి ఫోన్ చేస్తే, "పోండి మేడం. నా ఫోను ఎత్తడం లేదు. ఏమైందో మీరన్నా సూడండి" అంది.

లక్షుమ్మ కొట్టం ముందు ఆవులకు గడ్డి వేస్తోంది. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. ఆమె ఒంటి మీద పాలిస్టర్ చీర, పొడుగు చేతుల జాకెట్టు. చెమటకు వీపంతా అతుక్కుపోయింది. పేపరు నుంచి వచ్చామనగానే గడ్డి మోపు కింద వేసింది.

"మీ పేపరోల్లే గదమ్మా రాసింది?"

"ఏది అమ్మా?"

ఆమె ఫోన్ తీసి చూపించింది. మా వెబ్‌సైటు వార్తే. ఆమె అక్క కొడుకు సురేష్ పాల కేంద్రం చూస్తాడట. వాడు చుట్టాల గ్రూపులో పెట్టాడు, 'సిన్నమ్మ బెంగుళూరులో ఫేమస్' అని రాసి. ఊరంతా చూశారు. మర్నాడు పాల కేంద్రం దగ్గర నైటీలో నిలబడితే అందరూ ఆమె వైపు తిరిగి నవ్వారట. ఆ రోజు నుంచి ఇంత ఎండలోనూ చీర కట్టుకునే పోతోంది. కూతురి ఫోను ఎత్తడం మానేసింది.

ఇలాంటి చోట రిపోర్టరు చేయాల్సింది క్షమాపణ చెప్పి, ఎదుటి మనిషి మాట రాసుకుని లేవడం. నేను చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. పూర్తి వీడియో చూపిద్దామని ఖాదర్ ఫోన్ తీయబోతే చేత్తో వద్దంది.

"అది ఇడుసుమ్మా. నువ్వు ఆడ ఉంటివి గదా, కండ్లారా సూస్తివి గదా. నా బిడ్డ నన్ను సూపించి నగిచ్చిందా, లేదా? అదొక్కటి సెప్పు."

ఇన్నేళ్లుగా అందరి అభిప్రాయాలూ అడిగాను. నన్ను ఎవరూ అడగలేదు. మా వృత్తిలో సొంత మాట చెప్పకూడదని నేర్పుతారు. ఆమె ముందు ఆ నియమం చెప్పలేకపోయాను. అబద్ధమూ చెప్పలేను. కొట్టం గుమ్మంలో కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

"మొదట నవ్వారమ్మా. అది నిజం. నా పక్కాయనే నవ్వాడు."

ఆమె తల ఊపింది, నేను దాన్ని కప్పిపుచ్చుతానని అనుకుంది కాబోలు.

"తర్వాత నవ్వలేదు. చివర్న మీ ఈడు మనిషి పాల క్యాను పట్టుకుని నడిచింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆ తర్వాత మీ అమ్మాయి వచ్చింది."

"ఏమేసుకోనుండె?"

"నైటీ. భుజాన తువ్వాలు."

"నాగవేణా? ఆడ అంతమంది ముందరా?"

"అంతమంది ముందరే. ఆ తువ్వాలు కొత్తది కాదు. ఎర్ర అంచుది, బాగా నలిగిపోయింది. ఒక మూల కాలిన మచ్చ ఉంది. అందుకే నాకు గుర్తుంది."

లక్షుమ్మ వచ్చి నా ముందు కూర్చుంది.

"ఆ మచ్చ పాలగిన్నె దించినప్పుడు కాలింది. అది నాది. పోయినసారి పాప వచ్చిపోయినాక కనపల్లేదు. కుక్క యాడికో లాక్కపోయింది అనుకొని కుక్కను తిడితి."

ఖాదర్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆమెకూ నవ్వొచ్చింది గానీ ఇంకా పెదవి బిగించే ఉంది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. తర్వాత లేచి పక్కింటివాళ్లను కేకేసి, సాయంత్రం ఆవులను పితకమని చెప్పింది.

"మీ కారు కుప్పానికి పోతాదా?" అని అడిగింది.

కుప్పం షెడ్డులో

పలమనేరు మీదుగా పోయాం. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. గంగవరం దాటాక మాత్రం "ఈడ గడ్డి బాగుండాది" అంది.

నాగవేణి షెడ్డులో మిషన్లు వరసగా ఉన్నాయి. మధ్యలో పొడుగ్గా దారి. ఆ చివర కటింగ్ టేబుల్ దగ్గర నాగవేణి చాక్‌పీసుతో గుడ్డ మీద గీస్తోంది. అమ్మను చూసి చాక్‌పీసు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది. మిషన్ల చప్పుడు ఒకటొకటిగా ఆగింది.

"నా తువ్వాలు యాడ?" అంది లక్షుమ్మ.

నాగవేణి కుర్చీ వీపు మీంచి తువ్వాలు తీసి ఇచ్చింది. లక్షుమ్మ మూల తడిమి చూసుకుంది.

"అడిగుంటే ఇయ్యనా? యాల ఎత్తకొస్తివి?"

"అడిగితే కొత్తది ఇస్తావుమా. నాకు ఇదే కావల్ల."

లక్షుమ్మ తువ్వాలును మడిచింది, విప్పింది.

"మంది నగినారంట."

"నగినారు."

"నీకు బాధ కాలేదా?"

"అయింది. నువ్వు ఫోను ఎత్తకపోతివే, అప్పుడు ఇంకా అయింది."

"నాకు ముందే సెప్పుండొచ్చు గదే."

"చెప్తే ఒద్దంటావు అనుకుంటిమా."

"ఒద్దనే అనుంటా," అంది లక్షుమ్మ. "అయినా సెప్పుండాల్సింది."

నాగవేణి తల ఊపింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే చాక్‌పీసు పొడి బుగ్గకు అంటుకుంది. లక్షుమ్మ అదే తువ్వాలుతో తుడిచింది. నేను వేరే వైపు చూశాను. ఖాదర్ కూడా కెమెరా దించేశాడు.

ఆ తర్వాత లక్షుమ్మ గొంతు మారిపోయింది.

"సరే, సూపించు. అంతమంది లేసి నిలబడిన గుడ్డ ఏందో నేనూ సూస్తా."

బట్టలన్నీ ఒక కమ్మీకి వేలాడుతున్నాయి. ఆమె ఒక్కొక్కటీ చేత్తో నలిపి చూసింది. తంగేడుపువ్వు రంగుది పక్కకు తోసేసింది, "పేడ పడితే దాగదు" అని. వెలిసిన నీలం రంగుది తీసుకుని లోపలికి పోయింది. అది వేసుకుని వచ్చేసరికి మనిషి మారిపోయింది. పాలిస్టర్ చీరలో బిగుసుకుపోయిన మెడ వదులైంది. చేతులు అటూ ఇటూ ఊపి చూసుకుంది. వంగింది, ఆవు పొదుగు దగ్గర కూర్చున్నట్టు గొంతుక్కూర్చుంది, లేచింది. జేబులో ఫోను వేసుకుని మళ్లీ వంగింది. ఫోను జారి కింద పడింది.

"ఇది పాలల్లో పడతాది. పక్కకు పెట్టు జేబు," అంది.

"పెడతా," అంది నాగవేణి.

"ఆ సివరామె ఎట్ల నడిసింది? నువ్వు నడిసి సూపించు."

"నీ మాదిరే నడవమంటిమా. నువ్వే నడువు."

కుట్టేవాళ్లలో మంజుల అనే అమ్మాయి లేచి దారిలో ఉన్న గుడ్డల మూటలు కాలితో పక్కకు జరిపింది. ఇంకొకామె తన టిఫిన్ క్యారియర్ తెచ్చి లక్షుమ్మ చేతికిచ్చింది, "పాల క్యాను అనుకోండక్కా" అని. లక్షుమ్మ సిగ్గుపడి ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుంది.

ఆమె నడిచింది. నేను ఎన్నో ర్యాంపులు చూశాను. పాదం ఎలా వేయాలో, చూపు ఎక్కడ నిలపాలో మోడళ్లకు నెలల తరబడి నేర్పుతారు. లక్షుమ్మకు పోవలసిన చోటు ఉంది, అటే పోయింది. మిషన్ల మధ్య నీలం నైటీ అంచు ఊగుతుంటే, అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. దారి చివర ఆగి, క్యారియర్ కింద పెట్టి, నడుము మీద చెయ్యి వేసింది. అందరినీ ఒకసారి చూసింది. ఎవరో ఈల వేశారు. షెడ్డంతా గొల్లున నవ్వింది. లక్షుమ్మ కూడా నవ్వేసింది, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

తర్వాత ఆగలేదు ఎవరూ. మంజుల నడిచింది. టిఫిన్ క్యారియర్ ఇచ్చినామె నడిచింది. నాగవేణిని కూడా నడిపించారు. ఖాదర్ ఫొటోలు తీస్తూ తీస్తూ కార్డు నిండిపోయిందని చెప్పి, ఇంకోటి వేసి మళ్లీ తీశాడు. నన్ను కూడా నడవమన్నారు. నా చీర చూసి ఒకమ్మాయి "మేడం, ముందు దీన్ని మార్చుకోండి" అంది. ఫ్యాషన్ గురించి నా ముఖం మీద ఒకరు నిజం చెప్పడం అదే మొదలు. మార్చుకుని నడిచాను. ఆ వేపచిగురు రంగు నైటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, దాన్నే వేసుకుని ఇది రాస్తున్నాను.

పొద్దున్నే పాల కేంద్రం

ఆ రాత్రి నాగవేణి కూడా అమ్మతో పాటు ఊరికి వచ్చింది. మా పేజీకి పాల కేంద్రం దగ్గర ఒక ఫొటో కావాలని మేము మదనపల్లెలో పడుకుని తెల్లారేసరికి మళ్లీ వెళ్లాం. క్యాన్లతో ఆడవాళ్లు వరసలో ఉన్నారు. కొందరు నైటీల్లో, కొందరు చీరల్లో. సురేష్ కుర్చీలో కూర్చుని పాలు చూసుకుంటున్నాడు.

లక్షుమ్మ వచ్చింది. నీలం నైటీ, భుజాన కాలిన మచ్చ తువ్వాలు, చేతిలో నిండు క్యాను. నాగవేణి వెనకాలే రెండో క్యాను మోసుకొస్తోంది. వరసలో ఉన్నవాళ్లు అటు తిరిగారు. సురేష్ తలెత్తి చూశాడు. పక్కనున్న వాళ్లకు వినపడేలా గొంతు పెంచాడు.

"ఏం సిన్నమ్మా, ఈడ కూడా ఫ్యాషన్ షోనా?"

లక్షుమ్మ క్యాను అతని ముందు పెట్టింది. తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"ఔను నాయనా," అంది. "టిక్కెట్టు లేకుండా సూస్తాండావు. సూసింది సాలు, పాలు పట్టుకో."

వరసంతా నవ్వింది. ఈసారి ఆమె వైపు చూసి కాదు, సురేష్ వైపు చూసి. వాడూ తల గోక్కుంటూ నవ్వి, పాలు పట్టుకున్నాడు. నవ్వుతున్న వాళ్లలో ఒకామె వరస వదిలి వచ్చి నీలం గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది. "యాడ దొరకతాది అక్కా ఇది?" అని అడిగింది.

లక్షుమ్మ కూతురి వైపు చూపించింది. "నన్నడుగుతావేందే? కుట్టింది ఆడ నిలబడుండాది గదా," అంది. ఖాళీ క్యాను తీసుకుని, ఎండ అప్పుడే పడుతున్న రోడ్డు మీద ఇంటి వైపు నడిచింది. నాగవేణి అక్కడే ఉండిపోయింది. ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి, జేబులు ఎన్ని పెడతావు, చేతులు ఎంత పొడుగు పెడతావు అని అడుగుతున్నారు.